గౌరవ్వ నవ్విన ఫోటో

సోమవారం ఉదయం తొమ్మిదింటికి బొద్దింకల మందు కొట్టేవాళ్లు వస్తారని, దుబాయ్ సత్వాలోని ఆ పాత బిల్డింగు వాచ్‌మన్ ముందురోజే ఇంటింటికీ తిరిగి చెప్పాడు. వంటింటి గట్టు మీద ఒక్క వస్తువు ఉండకూడదు. మందు కొట్టాక మధ్యాహ్నం దాకా ఇంట్లో మనిషి ఉండకూడదు. రేణుక దానికి తగ్గట్టే ఆ పూట ప్లాను వేసుకుంది. భర్త రత్నాకర్ తెల్లవారుజామునే కంపెనీ బస్సెక్కి జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లోని గోడౌనుకు వెళ్లిపోతాడు. ఆ తర్వాత తను వంటిల్లు ఊడ్చి, తుడిచి, ఖాళీ చేసి, అత్తగారిని వెంటబెట్టుకుని డ్యూటీకి వెళ్తుంది. మధ్యాహ్నం ఆమెను ఇంటి దగ్గర దింపి మళ్లీ వెళ్తుంది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

అత్తగారి పేరు గౌరవ్వ. విజిట్ వీసా మీద మూడు వారాల క్రితం ఊరి నుంచి వచ్చింది. శుక్రవారం తిరుగు ప్రయాణం. ఉద్యోగం చేసే కోడలు అత్తకు అన్నం పెడుతుందా అని ఊళ్లో చాలామందికి అనుమానం ఉండేది. గౌరవ్వకూ ఉండేది. ఈ మూడు వారాల్లో ఆమె దాన్ని కొద్దికొద్దిగా వదులుకుంటోందని రేణుకకు అర్థమవుతూనే ఉంది. మొన్న ఫోన్లో తమ్ముడితో మాట్లాడుతూ, "మా రేణుక చారు మంచిగ చేస్తది" అన్నది. గౌరవ్వ నోట ఆ మాట రావడం మామూలు విషయం కాదు.

గౌరవ్వకు పైన, కింద రెండు వరసలూ కట్టుడు పళ్లే. రాత్రిపూట వాటిని స్టీలు గ్లాసులో నీళ్లు పోసి వంటింటి గట్టు మీద పెట్టుకునేది. ఆదివారం రాత్రి మాత్రం, గట్టు ఖాళీ చేయాలన్న మాట విని, కోడలికి సాయం చేద్దామనుకుంది. గ్లాసు కడిగి తనే అల్మారాలో బోర్లించింది. పళ్లను టిష్యూ కాగితంలో శుభ్రంగా చుట్టి కిటికీ అంచున పెట్టింది. పొద్దున్నే రేణుక ఆ అంచున నలిగిన టిష్యూను చూసింది, దాన్ని కూడా చెత్త కవర్లో వేసింది, మూతి బిగించి కట్టింది, వరండా చివర ఉన్న చెత్త గొట్టం ఇనుప రేకు ఎత్తి కిందికి వదిలింది. నాలుగంతస్తుల కింద కవరు పడిన చప్పుడు కూడా వినిపించింది. పని అయిపోయిన చప్పుడు అది, ఆమె దాన్ని తృప్తిగా విన్నది.

గౌరవ్వ స్నానం చేసి వచ్చి కిటికీ వైపు చూసింది. తర్వాత కోడలి వైపు చూసింది. కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో కిటికీ అంచును చూపించింది. రేణుక చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. ఆమె కిందికి చేరేసరికి బలదియా వాళ్ల, అంటే మున్సిపాలిటీ వాళ్ల, చెత్త లారీ మూల తిరుగుతోంది. దాని వెనక కొంతదూరం పరుగెత్తింది గానీ, లారీ డ్రైవరు ఆమెను పక్కకు తప్పుకోమని హారన్ కొట్టి వెళ్లిపోయాడు.

పైకి వస్తుంటే రేణుకకు ఊరి బస్టాండు కనిపించింది. శుక్రవారం కాకపోతే శనివారం గౌరవ్వ అక్కడ దిగుతుంది. దిగి నోరు తెరుస్తుంది. పళ్లతో పంపిస్తే బోసినోటితో తోలిచ్చిన కోడలు అని ఊరు పేరు పెడుతుంది. ఆ పేరు రేణుక పిల్లల పెళ్లిళ్ల దాకా పోదు. ఆమెకింకా పిల్లలు లేరు, అయినా ఆ పెళ్లిళ్లలో జనం తన వైపు చూపించి చెప్పుకోవడం కూడా కనిపించింది. మూడు వారాల చారు ఒక్క టిష్యూతో కొట్టుకుపోయింది. ఎట్లాగైనా శుక్రవారంలోగా ఆ పళ్లు అత్త నోట్లో ఉండాలి. అవే పళ్లు అని ఊరు నమ్మాలి.

ఒక్క అదృష్టం ఏమిటంటే, రేణుక పనిచేసేది పళ్ల లాబ్‌లో. కింద క్లినిక్, పైన లాబ్. ఆమె పని వచ్చిన కేసులు రాసుకోవడం, తయారైన పళ్లను డబ్బాల్లో సర్ది పంపడం. పళ్లు తయారు చేసేది ఆమె స్నేహితురాలు ఫైజా. నిజామాబాద్ పిల్ల. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుని, తెర మీద పళ్లను అటూ ఇటూ తిప్పుతూ ఒక్కొక్కదాన్నీ చెక్కుతుంది. నిజం పన్ను మీద ఉండే సన్నని గీతలు, అంచున అరిగిన చోటు, రెండు పళ్ల మధ్య పడే నీడ, ఇవన్నీ ఆమె చేతిలో మళ్లీ పుడతాయి. రోగి ముఖం చూడకుండానే, పళ్లు చూసి ఈయన రాత్రి నిద్రలో పళ్లు కొరుకుతాడని చెప్పగలదు. రేణుకకు ఆమె మీద స్నేహం ఎంత ఉందో గౌరవం అంతకంటే కొంచెం ఎక్కువే ఉంది.

ముందు కింద డాక్టరమ్మ గౌరవ్వ చిగుళ్లను కొలిచింది. కొలవడమంటే పూర్వంలా నోటి నిండా పిండి ముద్ద పెట్టి కొరకమనడం కాదు. పెన్ను కంటే కాస్త లావుగా ఉన్న చిన్న కెమెరా. దాన్ని చిగుళ్ల మీదుగా మెల్లగా నడిపిస్తుంటే, అది ఎడతెగకుండా ఫోటోలు తీస్తూ, ఒకదాని అంచును ఇంకొకదాని అంచుకు కలుపుకుంటూ పోయింది, బొంత కుట్టినట్టు. తెర మీద గులాబీ రంగు గట్టు ఒకటి వంపు తిరుగుతూ పెరిగింది. డాక్టరమ్మ వేలితో తిప్పితే అది గుండ్రంగా తిరిగింది. గౌరవ్వ కొంగు పట్టుకోవడం కూడా మరిచి దాన్నే చూసింది. తన నోరు తనకు ఎదురుగా తిరుగుతుంటే ఎవరైనా చూస్తారు. కానీ మాట మాత్రం మాట్లాడలేదు. పళ్లు పోయినప్పటి నుంచి ఆమె ఒక్క ముక్క పలకలేదు. గాలి పోయే మాట ఎవరి ముందూ అననని ఆమె పట్టుదల.

పైన ఫైజా ఆ చిగుళ్లను తెర మీద చూసి మెచ్చుకుంది. అప్పుడు అసలు సంగతి అడిగింది. "చిగుళ్లు దొరికినయి. పండ్లు ఎవరివి పెట్టాలె? కంప్యూటర్‌ల బోలెడు ఉన్నయి. అన్నీ హీరోయిన్ల పండ్లే."

"వద్దు ఫైజా. పాతవే కావాలె. మా ఊరోళ్లు దగ్గరకొచ్చి చూసినా పాతవే అనుకోవాలె."

గౌరవ్వ పళ్లకు ఒక గుర్తు కూడా ఉంది. పై వరసలో కుడివైపు కోరపన్ను కొంచెం ముందుకు తిరిగి ఉండేది. తన సొంత పన్ను అట్లాగే ఉండేదని జగిత్యాల డాక్టర్‌తో కొట్లాడి మరీ అట్లా పెట్టించుకుంది. ఊళ్లో అందరికీ ఆ పన్ను తెలుసు. ఫైజా విని, అయితే నవ్విన ఫోటోలు తెమ్మన్నది. ఎదురుగా ఒకటి, ఈ పక్క నుంచి ఒకటి, ఆ పక్క నుంచి ఒకటి. పళ్లన్నీ కనబడాలి. ఎన్ని వైపుల నుంచి ఉంటే అంత మంచిది, మిగతాది తను చూసుకుంటానన్నది.

ఫోటోలకేం కొదవ? మూడు వారాల్లో రేణుక ఫోన్ నిండిపోయింది. ఎత్తయిన టవర్ ముందు గౌరవ్వ. పడవలో గౌరవ్వ. ఒంటె పక్కన గౌరవ్వ. బంగారం అంగళ్ల ముందు గౌరవ్వ. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక్కొక్కటీ జరుపుతూ వెళ్లారు. అన్నింటిలోనూ ఒకే ముఖం. మూతి బిగించి, కళ్లు పెద్దవి చేసి, చెవులు రెండూ కనబడేలా తల నిటారుగా పెట్టి, ఊపిరి బిగబట్టిన ముఖం. వీసా కోసం ఫోటో దిగినప్పుడు స్టూడియో అతను ఆమెను గట్టిగా కోప్పడ్డాడట. నోరు మూసుకోవాలె, నవ్వొద్దు, పండ్లు కనబడితే దుబాయోళ్లు రానియ్యరు అన్నాడట. అప్పటి నుంచి ఎవరు ఫోన్ ఎత్తినా గౌరవ్వ అట్లా నిలబడిపోతుంది. ఒంటె నోరు మాత్రం బాగా తెరిచి ఉంది. దాని పళ్లన్నీ స్పష్టంగా కనిపించాయి. ఫైజా వాటిని కాసేపు పెద్దది చేసి చూసి, నిట్టూర్చి, ఫోన్ తిరిగి ఇచ్చింది.

అప్పుడు రేణుక ఊరి చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పెట్టింది. పళ్ల సంగతి బయటపడకుండా ఉండాలని పదాలు చాలా జాగ్రత్తగా ఎంచుకుంది. "అత్తమ్మది నవ్వుతున్న ఫోటో ఎవరి దగ్గరన్న ఉంటే అర్జంటుగ పంపండి. పెద్ద సైజుది, క్లియర్‌గ ఉండాలె. ఎందుకని ఇప్పుడు అడగొద్దు." అది పెట్టి, అత్తగారిని ఇంటి దగ్గర దింపి వచ్చి, ఫోన్ చప్పుడు కాకుండా చేసి సంచిలో పెట్టి, పొద్దున్నుంచి పేరుకున్న డబ్బాలు సర్దడంలో పడింది.

ఆ సందేశం చదివి ఊళ్లో ఎవరూ ఎందుకని అడగలేదు. అడగవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు. గల్ఫ్ నుంచి అర్జంటుగా ఒక మనిషి పెద్ద ఫోటో అడిగితే దాని అర్థం అక్కడ అందరికీ తెలుసు. పెద్ద ఫోటో రెండింటికే అడుగుతారు. ఒకటి పెళ్లి సంబంధానికి, రెండోది చౌరస్తాలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి. గౌరవ్వకు ఈ వయసులో సంబంధం చూడరు. ఎందుకని అడగొద్దు అన్న మాట దగ్గర ఆడవాళ్లు ఏడుపు మొదలుపెట్టారు. పాపం కోడలు, చెప్పలేక అట్లా చెప్పింది అన్నారు.

గౌరవ్వ తమ్ముడు వెంకట్రాములు మాత్రం నిజం తేల్చుకోకుండా ఏడవకూడదనుకున్నాడు. ముందు రేణుకకు ఫోన్ చేశాడు. అది సంచిలో నిశ్శబ్దంగా వెలిగి ఆరిపోయింది. రత్నాకర్‌కు చేశాడు. గోడౌనులో డ్యూటీ అయ్యేదాకా ఫోన్లు లాకర్లో ఉంటాయి. చివరికి గుండె చిక్కబట్టుకుని అక్కకే చేశాడు. గౌరవ్వ సోఫాలో కూర్చుని, మోగుతున్న ఫోన్ మీద తమ్ముడి పేరు పక్కన ఉన్న అతని బొమ్మను చూస్తూ ఉండిపోయింది. పళ్లు లేకుండా మాట్లాడితే వాడు మొదటి మాటకే కనిపెడతాడు, కోడలి పరువు పోతుంది. ఆమె ఫోన్ బోర్లించింది. మూడు ఫోన్లూ ఎత్తకపోయేసరికి వెంకట్రాములు ఇక కూర్చుని ఏడ్చాడు.

ఏడ్చి లేచాక పనులన్నీ తనే చూసుకున్నాడు. షామియానా చెప్పాడు. కోరుట్లలో ఫ్లెక్సీ దుకాణానికి మనిషిని పంపాడు. వీసా ఫోటో ఒకటి దొరికితే, పోయిన మనిషిని అంత భయపడుతున్నట్టు చూపించడం మర్యాద కాదని ఫ్లెక్సీ అతనే ఒప్పుకోలేదు. అప్పుడు వెంకట్రాములుకు తన కూతురు నవత పెళ్లి ఫోటోలు గుర్తొచ్చాయి. ఆ పెళ్లిలో వరుడి అన్న పసుపు నీళ్లలో జారి పడ్డాడు. గౌరవ్వ పక్కనే ఉంది. పడ్డవాణ్ని చూసి నవ్వి, ఆ సంగతి కుడివైపు వాళ్లకు చెప్పి నవ్వి, ఎడమవైపు వాళ్లకు చెప్పి నవ్వింది. ఫోటోగ్రాఫర్ వేలు బటన్ మీద నుంచి తీయలేదు. వాటిలో ఒకటి ఫ్లెక్సీ ఎక్కింది.

వెంకట్రాములు ఇంకో ఫోన్ కూడా చేశాడు. అల్ వర్సాన్ లేబర్ క్యాంపులో భూమేశ్ అని వాళ్ల పక్కూరి మనిషి ఉన్నాడు. గల్ఫ్‌లో ఎవరైనా పోతే ఆస్పత్రి, పోలీసు, ఎంబసీ అన్నీ తిరిగి, శవాన్ని విమానం ఎక్కించేదాకా వెంట ఉంటాడు. జీతం లేని పని. సెలవు పెట్టి మరీ చేస్తాడు. ఎన్నో ఇళ్ల తలుపులు అట్లా తట్టినవాడు గనక ఎప్పుడు ఏం మాట్లాడాలో అతనికి తెలుసు. ముందు రత్నాకర్ కంపెనీకి ఫోన్ చేసి అక్కడి ముదీర్‌కు, అంటే మేనేజరుకు, సంగతి చెప్పాడు. తర్వాత సత్వా వచ్చి, చెప్పులు బయట విడిచి, బెల్లు కొట్టాడు.

తలుపు తీసింది గౌరవ్వే. భూమేశ్ ఆమెను ఎన్నడూ చూసి ఉండలేదు. కొంగు నోటికి కుక్కుకుని, మాట్లాడలేక నిలబడ్డ ముసలామెను చూసి, దగ్గరి బంధువై ఉంటుందనుకున్నాడు. "ఏడువకు అవ్వా. నేనున్న గద. అన్నీ నేను చూసుకుంట" అన్నాడు. గౌరవ్వకు ప్రాణం లేచి వచ్చింది. పళ్ల కోసం కోడలు ఎవరినో పంపిందన్నమాట. ఇప్పుడెక్కడ అని అతను మెల్లగా అడిగాడు. గౌరవ్వ రమ్మని సైగ చేసి, అతన్ని వరండా చివరికి తీసుకెళ్లి, చెత్త గొట్టం ఇనుప రేకు ఎత్తి లోపలికి వేలు చూపించింది.

భూమేశ్ వంగి లోపలికి చూశాడు. ఇన్నేళ్ల దుబాయ్‌లో అతను చాలా చూశాడు గానీ ఇది చూడలేదు. రేకు మెల్లగా మూసి, ముసలామెను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు. దుఃఖంలో మనిషికి మతి తప్పుతుందని అతనికి తెలుసు. ఇంటివాళ్లు వచ్చేదాకా కదలకూడదనుకుని, తను కూడా ఎదురుగా కూర్చున్నాడు.

ఆ సమయానికి లాబ్‌లో రేణుక ఒకసారి ఫోన్ చూద్దామని సంచి తెరిచింది. గ్రూపులో ఫ్లెక్సీ ఫోటో ఉంది. చౌరస్తాలో, రెండు కరెంటు స్తంభాల మధ్య, మనిషి కంటే ఎత్తున గౌరవ్వ నవ్వుతోంది. పైన కన్నీటి శ్రద్ధాంజలి అని ఉంది. మెడలో కంప్యూటర్ బంతిపూల దండ, కింద రెండు కంప్యూటర్ దీపాలు, ఆ రోజు తేదీ ఉన్నాయి. రేణుక ఫోన్ ఫైజా చేతికి ఇచ్చి గోడకు ఆనుకుంది. ఫైజా ఫోటోను వేళ్లతో పెద్దది చేసింది. పై పెదవి దాకా వెళ్లింది. ఆమె ముఖం మెల్లగా వెలిగింది.

"మాషా అల్లా. కోర దగ్గర్నుంచి దవడ దాకా అన్నీ ఉన్నయి గదా" అన్నది. "దీని ఒరిజినల్ తెప్పియ్యి. ఆ రోజు తీసినవి అన్నీ తెప్పియ్యి. అవి వచ్చేదాక ఇంకేం చెప్పకు. చెప్తె ఎవ్వడూ ఫోటోలు పంపడు, ఫ్లెక్సీ ఇప్పదీస్తందుకు ఉరుకుతరు."

రేణుక తనకు చిన్నాయన వరసైన వెంకట్రాములుకు ఫోన్ చేసి ఫోటోలు అడిగింది. అక్క కోసం ఏమడిగినా ఇస్తానని వెంకట్రాములు వెక్కుతూ వెంటనే ఫోటోగ్రాఫర్‌తో పంపించాడు. ఒకటి వెనక ఒకటి ఫోటోలు దిగుతుంటే ఇద్దరూ తెర చూస్తూ నిశ్శబ్దంగా నిలబడ్డారు. ఆ నిశ్శబ్దానికి రేణుక తర్వాత చాలాసార్లు సిగ్గుపడింది. ఫైజా ఒక్కసారి కూడా సిగ్గుపడలేదు. చివరి ఫోటో దిగగానే రేణుక అసలు మాట చెప్పింది. అత్తమ్మ బతికే ఉంది, ఇంట్లో సోఫాలో కూర్చుని ఉంది.

అవతల వెంకట్రాములు గొంతు మారిపోయింది. పొద్దున ఫోటో అడిగి, ఇప్పుడు బతికే ఉందంటావా అన్నాడు. ఏదో దాస్తున్నావన్నాడు. రేణుక ఫోన్ పెట్టేసి టాక్సీ కోసం రోడ్డు మీదికి పరుగెత్తింది.

ఇంటికి చేరేసరికి మెట్ల మీద రత్నాకర్ కలిశాడు. ముదీర్ అతన్ని ఆఫీసులోకి పిలిచి, కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, తన కారులోనే పంపించాడు. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. రేణుక ఏదో చెప్పబోయింది, అతను వినే స్థితిలో లేడు. తలుపు తోసి లోపలికి వెళ్లాడు. తల్లి సోఫాలో ఉంది. అతను అవ్వా అని ఒక్క మాట అని, అక్కడే కింద కూర్చున్నాడు.

లోపల అంతకుముందే ఇంకో గొడవ నడుస్తోంది. ఇంట్లో ఒక ముసలామె తప్ప ఎవరూ లేరని చెప్పడానికి భూమేశ్ వెంకట్రాములుకు వీడియో కాల్ చేశాడు. ఫోన్ ఆమె వైపు తిప్పాడు. ఫోన్ తన వైపు తిరగగానే గౌరవ్వ అలవాటు ప్రకారం మూతి బిగించి, కళ్లు పెద్దవి చేసి, ఊపిరి బిగబట్టింది. షామియానా కింద కూర్చున్నవాళ్లంతా ఆ తెర చూసి మళ్లీ గొల్లుమన్నారు.

"ఫోటో ఎందుకు సూపెడుతున్నవు భూమేశూ? వీసా ఫోటో మా దగ్గర్నే ఉన్నది" అన్నాడు వెంకట్రాములు.

"ఫోటో గాదు మామా, మనిషి. నాకు చెత్త గొట్టం గూడ సూపెట్టింది."

"మనిషైతె రెప్ప కొట్టదా?"

గౌరవ్వ రెప్ప కొట్టలేదు. ఆమెకు అదొక పరీక్షలాగా ఉంది. అప్పుడే తెరలో రేణుక ముఖం కనబడింది. అది చూడగానే వెంకట్రాములు దుఃఖమంతా ఒక్కసారి కోపంగా మారింది. మూడు వారాలకే మా అక్కను మింగినవు అన్నాడు. ఉద్యోగం ఉద్యోగమని తిరిగి ముసలిదానికి అన్నం నీళ్లు చూడలేదన్నాడు. ఏమైందో చెప్పకుండా ఫోటోలతో ఆటలాడుతున్నావన్నాడు. వెనక నుంచి ఇంకెవరో, మేం ముందే చెప్పినం గదా అన్నారు. రేణుక తల వంచుకుని నిలబడింది. తను భయపడ్డ పేరు కంటే పెద్ద పేరే పెట్టారు. 

సోఫాలో ఫోటో కదిలింది. గౌరవ్వ లేచి, భూమేశ్ చేతిలో ఫోన్ లాక్కుని, కొంగు పూర్తిగా తీసేసి, బోసినోరు తెర నిండా కనబడేలా దగ్గర పెట్టుకుంది. మాటల మధ్య గాలి ఈలలాగా పోయింది. ఆమె దాన్ని పట్టించుకోలేదు.

"నేను సావలే తమ్మీ. పండ్లు పోయినయి. టిష్యూల సుట్టి నేనే పెట్టిన, నేనే పారేసుకున్న. ఈ పిల్ల పొద్దుగాలట్నుంచి బువ్వ తినకుంట నా పండ్ల కోసమే తిరుగుతున్నది. ఇంకొక్క మాట దాన్ని అన్నవంటె, నేనచ్చినంక నీ సంగతి చెప్త."

షామియానా కింద అందరూ ఆమెను గుర్తుపట్టారు. అట్లా తిట్టేది ఆ ఊళ్లో ఒక్కతే. పళ్లున్నా లేకపోయినా ఆ గొంతు దాగదు. వెంకట్రాములు రెండు చేతులూ తల మీద పెట్టుకుని మళ్లీ ఏడ్చాడు, ఈసారి వేరే ఏడుపు. గౌరవ్వ ఫోన్ భూమేశ్‌కు ఇచ్చేసి కొంగు మళ్లీ నోటికి పెట్టుకుంది. రేణుక దగ్గరకొచ్చి, అత్తమ్మా, నేను చూసుకోకుండ కవర్ల వేసిన అని చెప్పబోయింది. గౌరవ్వ చేత్తో ఆపి, వంటింటి వైపు చూపించి, తినమని సైగ చేసింది. భూమేశ్‌కు కూడా పెట్టమన్నది. అతను తిని, తన లెక్కలో ఇట్లాంటి కేసు మొదటిదని చెప్పి, సంతోషంగా క్యాంపుకు వెళ్లిపోయాడు.

మర్నాడు రేణుక లాబ్‌కు వెళ్లేసరికి ఫైజా పని మధ్యలో ఉంది. రేణుక ఆమె వెనక నిలబడి చూసింది. రోజూ చూసే పనే అయినా ఆ రోజు కొత్తగా చూసింది. పెళ్లి ఫోటోలన్నీ తెర మీద వరసగా ఉన్నాయి. కుడివైపు నవ్వుతున్న గౌరవ్వ, ఎదురుగా నవ్వుతున్న గౌరవ్వ, ఎడమవైపు నవ్వుతున్న గౌరవ్వ. ఒకే పన్ను అంచు ప్రతి ఫోటోలో ఎక్కడ ఉందో కంప్యూటర్ వెతికి పట్టుకుంటోంది. ఒక ఫోటోలో పన్ను ముందుభాగం, ఇంకోదాంట్లో పక్కభాగం, మూడోదాంట్లో అంచు. అవన్నీ కలిసి చదునైన బొమ్మలో లేని లోతును తీసుకొస్తున్నాయి. కాసేపటికి తెర మధ్య ఖాళీలో ఒక పన్ను తేలింది. దాని పక్కన ఇంకొకటి వచ్చింది. ఎప్పుడో ఎవరో జారిపడినందుకు వచ్చిన నవ్వు, ఇప్పుడు చుట్టూ తిప్పి చూసుకోగల వస్తువైంది.

కంప్యూటర్‌కు కోరపన్ను మాత్రం నచ్చలేదు. వంకరగా ఉంది, సరిచేయమంటావా అని మాటిమాటికీ అడిగింది. ఫైజా మాటిమాటికీ వద్దంది. సరైన పన్ను పెట్టడం దానికి క్షణం పని. ఆ వంకర ఎంతో, ఎటువైపో, పెదవి దాన్ని ఎక్కడ తాకుతుందో పట్టుకోవడానికి ఫైజాకు సాయంత్రమైంది. కొంచెం ఎక్కువ తిప్పితే ఇంకెవరో ముసలామె అవుతుంది. తక్కువ తిప్పితే హీరోయిన్ అవుతుంది. ఆమె తిప్పి, ఫోటో పక్కన పెట్టి, కళ్లు చికిలించి చూసి, చెరిపి, మళ్లీ తిప్పింది. టీ చల్లారిపోయింది. రేణుక ఇంకో టీ తెచ్చి పెట్టింది, అదీ చల్లారిపోయింది. చివరికి డాక్టరమ్మ కొలిచిన గులాబీ చిగుళ్ల మీద ఆ వరసను దించితే, వేలికి ఉంగరం ఎక్కినట్టు కూర్చుంది.

గురువారం సాయంత్రం, ప్రింటర్ పొర మీద పొర పోసి తయారు చేసిన పళ్లను డాక్టరమ్మ గౌరవ్వ నోట్లో పెట్టి, అక్కడక్కడ కొంచెం అరగదీసింది. గౌరవ్వ నోరు మూసి, దవడ రెండుసార్లు కదిపి, నాలుకతో లోపలంతా తడుముకుంది. నాలుక కుడివైపు పైన ఆగింది. అక్కడే కాసేపు ఉంది. తర్వాత ఫైజాను దగ్గరకు పిలిచి, ఆమె రెండు చేతులూ పట్టుకుని, వేళ్లను ఒక్కొక్కటిగా చూసింది.

"గిదే" అన్నది. "గిదే నా పన్ను."

శనివారం గౌరవ్వ ఊళ్లో దిగింది. ఆ రాత్రి వెంకట్రాములు ఫోన్ చేసి, మెల్లగా, గౌరవంగా మాట్లాడాడు. ఊళ్లో ఆడవాళ్లంతా అక్క నోరు తెరిపించి చూశారట. దీపం పెట్టి చూశారట. ముందుకు తిరిగిన కోరపన్ను దగ్గర వేలు పెట్టి చూశారట. ఫోటోలు చూసి కంప్యూటర్లో కొత్త పళ్లు చేశారని గౌరవ్వ ఎంత చెప్పినా ఒక్కరూ నమ్మలేదట. ఫోటోలో నుంచి పన్ను ఎట్లా వస్తుంది? ఇవి పాతవే. ఆ పన్ను మాకు తెలియదా? చెత్త కవర్లో పోయిన అత్త పళ్ల కోసం కోడలు దుబాయ్ చెత్తంతా తిరగేసి, వెతికి, కడిగి తెచ్చింది అని ఊరంతా తేల్చేసింది. అట్లాంటి కోడలు ఈ చుట్టుపక్కల లేదని చెప్పుకుంటున్నారు. తను అన్న మాటలకు క్షమించమని కూడా వెంకట్రాములు అడిగాడు. రేణుక నిజం చెప్పాలని రెండుసార్లు మొదలుపెట్టి, అవతల, పోనియ్యి బిడ్డా, వాళ్లను గట్లనే అనుకోనియ్యి అన్న గౌరవ్వ గొంతు వినబడి ఊరుకుంది. మర్నాడు ఫైజాకు చెబితే ఆమె నవ్వి నవ్వి, నా పని ఇంత బాగుందని ఇప్పటిదాకా ఏ డాక్టరూ చెప్పలేదన్నది.

ఫ్లెక్సీని మాత్రం గౌరవ్వ చింపనివ్వలేదు. ఫోటో బాగుందని, తేదీ ఒక్కటి చెరిపించి, చుట్టి అటక మీద పెట్టించింది.